నిలబెట్టి తీయని పటం

లచ్చయ్య పొట్టకు నేను పడుకోబెట్టి ఎక్స్‌రే తీశాను. ఆరిన పటం అంచున మాత్రం తెల్ల సిరాతో ‘నిలబెట్టి తీసినది’ అని రాశాను. పెద్ద డాక్టరుగారు అడిగితే అవునన్నాను. మర్నాడు లచ్చయ్య చనిపోయాక, ఎందుకు పోయాడో వాళ్ల అన్నకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది కూడా నేనే. ఆ చెప్పినదాంట్లో నా పటం సంగతి లేదు.

ఇది బస్తర్ సంస్థానం ఉన్న రోజుల్లో, యుద్ధకాలంలో, జగదల్‌పూర్‌లో జరిగింది. నేను పనిచేసిన ఆసుపత్రి పేరు, డాక్టర్ల పేర్లు రాయను. తప్పు వాళ్లది కాదు. ఎక్స్‌రే పని నేర్చుకోవడానికి కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు నా అనుభవాలు రాసిపెట్టమని అడిగారు. మిషను ఎలా నడపాలో పుస్తకాల్లో ఉంది. నేను రాయగలిగింది మిషను పక్కన నిలబడే మనిషి గురించి. అతను ఎక్కడెక్కడ జారిపోతాడో నాకు బాగా తెలుసు.

నాకు పని నేర్పినాయన

మాది భూపాలపట్నం. దుకాణం పెట్టుకుని బతికే కుటుంబం. నాకు గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం చేతకాక కాంపౌండరుగా చేరాను. తెలుగు, హిందీ, బస్తర్‌లో అందరూ మాట్లాడే హల్బీ వచ్చు, దోర్ల గిరిజనులు మాట్లాడే దోర్లీ కొంచెం వచ్చు. ఆ నాలుగు భాషల వల్లే నన్ను ఎంచి నాగపూర్ పంపి ఎక్స్‌రే నేర్పించారు. తిరిగి వచ్చేసరికి మిషను వచ్చి ఉంది. కిటికీలకు నల్లగుడ్డ కుట్టిన ఒక గది, బయట రేకుల కింద ఒక ఆయిలింజను, దాన్ని నడపడానికి ఒక మనిషి. ఇంజను తిరిగితేనే మిషనుకు కరెంటు.

నాగపూర్‌లో నాకు నేర్పిన పెద్దాయన చాలా తక్కువ మాట్లాడేవారు. తీవ్రమైన కడుపునొప్పితో వచ్చినవాళ్ల గురించి మాత్రం చెప్పిందే చెప్పేవారు. “గాలి పేగు లోపల ఉంటే సరే. పేగుకో జీర్ణాశయానికో కన్నం పడితే అది బయటికొస్తుంది. బయటికొచ్చిన గాలి పైకి పోతుంది. మనిషిని నిలబెడితే అది కాలేయం మీదికి చేరి, ఊపిరితిత్తి కింద సన్నటి నల్ల నెలవంకలా కనిపిస్తుంది. కానీ దానికి టైము ఇవ్వాలి. పది నిమిషాలు. నిలబడలేకపోతే కూర్చోబెట్టు. కూర్చోలేకపోతే ఎడమవైపుకి ఒత్తిగిలబెట్టి, పది నిమిషాలు ఆగి, పక్క నుంచి తియ్యి. వెల్లకిలా పడుకోబెట్టి తీస్తే గాలి పొట్టంతా పరుచుకుంటుంది. నీకు ఏమీ కనిపించదు. ఏమీ కనిపించలేదు కాబట్టి ఏమీ లేదనుకుంటావు.”

ఆయన చెప్పినదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పు కాదని ముందే చెబుతున్నాను.

మొలతాడు

తొలి ఏడాదిలో చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని నేను జీవితాంతం నవ్వుతూ చెప్పుకున్నాను. నడుములో పోటుతో ఒక గుమాస్తా వచ్చాడు. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని చెప్పాను. “అంతా తీసేసిన బాబూ” అన్నాడు. పటంలో మూత్రపిండం పక్కన చిక్కుడు గింజంత తెల్లటి రాయి. డాక్టరుగారు ఆపరేషనుకు రోజు పెట్టారు. ఆ రోజు ఒళ్లు తుడుస్తుంటే మొలతాడుకు సీసపు తాయెత్తు దొరికింది. నాకు కనపడకుండా దాన్ని వీపు వైపుకి తిప్పుకున్నాడట.

“తీసేశానన్నావు కదయ్యా!”

“తాయెత్తు లోహమెట్లయితది బాబూ? అది తాయెత్తు.”

డాక్టరుగారు నన్ను పిలిచి, మిషను కంటే ముందు నీ కళ్లు పనిచెయ్యాలి అన్నారు. అంతే. అందరం నవ్వాం. అప్పటి నుంచి బట్ట కింద చెయ్యి పెట్టి చూడకుండా ఎవరి నడుమునూ తీయలేదు. ఈ ప్రాంతంలో మొలతాడు తీయమంటే ఎవరూ తీయరు. పక్కకు జరపమంటే జరుపుతారు. మీరూ అలాగే అడగండి.

ఇది చెప్పడం నాకు సులువు, ఎందుకంటే సమయానికి దొరికిపోయాను. దొరికిన తప్పుల్ని కథలుగా చెప్పుకుంటాం. దొరకనివాటి దగ్గర నోరు మూసుకుంటాం.

మెట్లు

డాక్టరుగారికి నా మీద నమ్మకం కుదిరింది కుంట నుంచి వచ్చిన ఒక వ్యాపారి వల్ల. ఆయన కడుపు ఉబ్బి వాంతులతో వచ్చాడు. భార్య వెంటే ఉంది. తలుపు దగ్గర నన్ను పట్టుకుంది.

“మనోళ్ల పిల్లగానివేనంట గద. ఆ డబ్బాల ఏం కనపడ్తది నాయనా? మొన్న పెండ్లిల తిన్న గారెలు కనపడ్తయా?”

“గారెలు కనపడవమ్మా, గాలీ నీళ్లూ కనపడతాయి.”

“గారెలే అడ్డం పడ్డయి. నా మాట రాసుకో. పద్నాలుగు తిన్నడు.”

లోపలి నుంచి ఆయన మూలుగుతూనే, “పన్నెండే” అన్నాడు.

నిలబెట్టి, ఆగి, తీశాను. పేగు ఎక్కడో మూసుకుపోతే దానికి పైన గాలీ నీళ్లూ నిలవ ఉండి, పటంలో ఒకదానిమీద ఒకటి అడ్డగీతలు, మెట్ల వరసలా కనపడతాయి. ఆయన పొట్టలో ఆ మెట్లు స్పష్టంగా ఉన్నాయి. డాక్టరుగారు కోసి చూశారు. లోపల పాత గాయం మానేటప్పుడు ఏర్పడ్డ నారలాంటి పట్టీ ఒకటి పేగును బిగించి ఉంది. దాన్ని తెంపారు. గారెల తప్పు లేదని ఆమెకు చెబితే నమ్మలేదు.

ఆ రోజు నుంచి పటం నా చేతి నుంచి వచ్చిందంటే డాక్టరుగారు మళ్లీ ప్రశ్న వేసేవారు కాదు. నేను దానికి పొంగిపోయాను. మనల్ని ఎవరైనా ప్రశ్న వేయడం మానేశారంటే మనం ఇంకా జాగ్రత్తపడాలని అప్పట్లో నాకు తోచలేదు.

లచ్చయ్య

దసరా రోజులు. ఎర్రబోరు అవతల ఒక పల్లె నుంచి దోర్లవాళ్లు కొందరు జగదల్‌పూర్ వచ్చి ఊరి చివర తోటలో దిగారు. వాళ్లలో జోగయ్య, అతని తమ్ముడు లచ్చయ్య ఉన్నారు. తెల్లవారాక అంబలి తాగుతూ లచ్చయ్య ఒక్కసారిగా కడుపు పట్టుకుని కూలబడ్డాడు. కత్తితో పొడిచినట్టుందన్నాడట. వాళ్ల ఊళ్లో కడుపునొప్పికి వాతలు పెట్టే చెయ్యి జోగయ్యది. అతనికి తెలిసిన వైద్యం అతను చేశాడు. కొడవలి కాల్చి బొడ్డు పైన, కుడి డొక్క మీద నాలుగు వాతలు పెట్టాడు. తగ్గలేదు. మధ్యాహ్నం దాటాక మంచం మీద మోసుకుని ఆసుపత్రికి తెచ్చారు.

వాతల మీద నా అభిప్రాయం దాచుకోను. అది చెడ్డ పని. ఆ రోజు అది చేసిన హాని ఏమిటంటే, డాక్టరు చేతికి పొట్ట అందకుండా చేసింది. పొట్ట చెక్కలా బిగిసి ఉంది. కానీ కాలిన చర్మం మీద చెయ్యి వేస్తే ఎవరి పొట్టయినా బిగుసుకుంటుంది. కాలేయం మీద తట్టి శబ్దం చూద్దామంటే సరిగ్గా అక్కడే పచ్చి వాతలు. అందుకే డాక్టరుగారు చీటీ రాసిచ్చారు: నిలబెట్టి పటం తీయాలి. గాలి కనపడితే వెంటనే కోయాలి. అలాంటివాళ్లను కోసి, కన్నం కుట్టి, నడిపించి ఇంటికి పంపిన చేతులు ఆయనవి.

సాయంత్రం అవుతోంది. జగదల్‌పూర్‌లో దసరాకు ఊరేగించే పెద్ద రథం లాగే వేళ. మా ఆవిడ పక్కింటివాళ్లతో చౌరస్తాలో నిలబడి ఉంటానంది. నేను వచ్చి కలుస్తానన్నాను. పెళ్లయ్యాక మాకది మొదటి దసరా.

లచ్చయ్యను నిలబెట్టి తీసే స్టాండు దగ్గరికి తెచ్చాం. దానికి మనిషి పడిపోకుండా తోలుపట్టీలు ఉండేవి. అతను వాటిని చూసి, అంత నొప్పిలో, “అన్నా, ఈ దొర నన్ను రథానికి కడతడా ఏంది?” అన్నాడు.

జోగయ్య నవ్వలేదు. తమ్ముణ్ణి చంకల కింద పట్టుకుని నిలబెట్టాడు. నిమిషం కాలేదు, లచ్చయ్య తల వాల్చేశాడు.

“దొరా, నిలబడలేడు. కాళ్లు తేలిపోతున్నయి. పండబెడ్త దొరా.”

“ఇంకొంచెంసేపు పట్టుకో.”

“నేను పట్టుకుంట. ఆడే ఆగలేడు.”

బయట ఇంజను మనిషి కిటికీ మీద కొట్టాడు. “హో గయా క్యా బాబూ? రథ్ నికల్ జాయేగా!” అయిందా, రథం కదిలిపోతుంది అని అతని తొందర. నా తొందర కూడా అదే. డోళ్లు వినిపిస్తున్నాయి.

పడుకోబెట్టమన్నాను. అంతవరకు తప్పు లేదు. ఎడమవైపుకి ఒత్తిగిలబెట్టి, పది నిమిషాలు ఆగి, మిషను తలను కిందికి దించి పక్కకు తిప్పి తీయాలి. దించడానికి పది నిమిషాలు, ఆగడానికి పది నిమిషాలు. నేను దించలేదు. ఆగలేదు. వెల్లకిలా ఉన్నవాణ్ణి ఉన్నట్టే తీశాను. కడిగాను, ఆరబెట్టాను. చీటీలో ఉన్నది చూసి అంచున అదే రాశాను. నేను చేసినది రాయలేదు, నన్ను చెయ్యమన్నది రాశాను.

డాక్టరుగారు వెలుతురుకు పట్టి చూశారు. “ఖడా కర్‌కే లియా న?” నిలబెట్టే తీశావు కదా అని.

ఇంత నమ్మకంతో అడిగినప్పుడు కాదనడానికి ఒక్క క్షణం ధైర్యం చాలు. “జీ సాబ్” అన్నాను.

“గాలి లేదు. సరే, ఆగుదాం” అన్నారు. నేను రథం చూడటానికి వెళ్లాను.

నేను చెప్పిన మాట

పొద్దున్నే వెళ్లేసరికి లచ్చయ్య కళ్లు లోపలికి పోయాయి. పొట్ట ఉబ్బింది. డాక్టరుగారు ఈసారి వాతల పక్కనుంచి వేళ్లు పెట్టి కాలేయం మీద తట్టారు. మొద్దుగా పలకాల్సిన చోట డోలులా పలికింది. “గాలి!” అన్నారు. ఆపరేషను గది సిద్ధం చేయమని పరుగెత్తారు. అది సిద్ధమయ్యేలోపే అతను పోయాడు.

తర్వాత వరండాలో నిలబడి ఆయన తనలో తాను లెక్క కట్టుకుంటున్నట్టు మాట్లాడారు. “నిన్న సాయంత్రం నిలబెట్టి తీసిన పటంలో గాలి లేదు. అంటే అప్పటికి కన్నం లేదు. ఆ తర్వాతే పడింది. ఆ కాల్చిన వేడి లోపలికి దిగి పేగు మెత్తబడి తెగి ఉంటుంది.” నా వైపు తిరిగారు. “వాళ్ల అన్నకు చెప్పు. గట్టిగా చెప్పు. ఇంకెవరికీ అలా చేయకుండా ఉంటాడు.”

ఆయన తర్కంలో లోపం లేదు. దాని అడుగున ఉన్న నా మాటే అబద్ధం. తొలి గంటలోనే, అంబలి తాగుతూ కూలబడినప్పుడే కన్నం పడి ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది. పటం సరిగా తీసి ఉంటే బతికేవాడని ప్రమాణం చేయలేను. ఆ రోజుల్లో కోసినవాళ్లలో కూడా పోయేవాళ్లు. కానీ అతనికి ఉన్న ఒక్క దారిని నేను మూశాను. మూసినవాణ్ణి నేనని చెప్పలేదు.

జోగయ్య మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. తెలుగూ దోర్లీ కలిపి చెప్పాను. “నువ్వు పెట్టిన వాత లోపలికి దిగింది. దాంతో పేగు తెగింది. అందుకే పోయిండు.”

అతను చెయ్యి తిప్పి చూసుకున్నాడు. “నా చెయ్యా దొరా?”

“ఆ” అన్నాను.

ఇన్నేళ్లలో నేను చేసిన పనులన్నిటిలో నీచమైనది ఆ ఒక్క అక్షరం.

అక్కడితో అయిపోలేదు. డాక్టరుగారు ఆ పటాన్ని దాచి, కొత్తగా వచ్చిన డాక్టర్లకు చూపించేవారు. కాల్చడం వల్ల ఆలస్యంగా కన్నం పడిన కేసు అని. నేను పక్కనే నిలబడి పటాన్ని వెలుతురుకు పట్టుకునేవాణ్ని. ఎంతమంది ఆ తప్పుడు పాఠం నేర్చుకుని వెళ్లారో నాకు తెలియదు. తర్వాత ఆయన బదిలీ అయి వెళ్లారు, కొన్నాళ్లకు పోయారని తెలిసింది. చాలాసార్లు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. ఉద్యోగం పోతుందన్న భయం మొదటి రెండేళ్లే. ఆ తర్వాత ఉన్నది భయం కాదు, అలవాటు.

వేళ్లు

నేను యాభై నిండకముందే ఈ పని మానేయాల్సి వచ్చింది. కిరణాలను ఆపే సీసపు చేతితొడుగులు బరువని వేసుకోకుండా రోగుల్ని పట్టుకునేవాణ్ని. ముందు వేళ్ల చర్మం ఎండి పగిలింది, తర్వాత పుండ్లు పడ్డాయి, ఒక వేలి కొన తీసేశారు. ఇది శిక్ష అని మా ఆవిడ ఒకసారి అంది. కాదు. ఇది తొడుగులు వేసుకోకపోవడం. మీరు వేసుకోండి.

ఇంకొకటే చెబుతాను. పటం అంచున మీరు చేసినదే రాయండి. నిలబెట్టలేకపోతే ‘పడుకోబెట్టి’ అని రాయండి. డాక్టరు కోప్పడతాడు, మళ్లీ తీయమంటాడు. తీయండి. మీరు రాసిన ఆ ఒక్క ముక్కను చూసి ఆయన కత్తి పట్టుకోవాలా వద్దా తేల్చుకుంటాడు. రోగికి మీ పేరు కూడా తెలియదు.

ఎర్రబోరు అవతల

పని మానేశాక కుంటలో మా బావమరిది దుకాణం దగ్గర ఇల్లు తీసుకున్నాం. ఒక సంతరోజు చింతపండు అమ్మడానికి వచ్చిన దోర్లవాళ్లు రాళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో చనిపోయినవాళ్ల పేర రాయి పాతుతారు. అందులో ఒకతను, “లచ్చయ్యకు ఇంకా రాయి లేకపాయె. అన్న చేత్తోనే పాతాలె. ఆ చెయ్యి రాయి మీద పడొద్దంటది లచ్చయ్య పెండ్లాం” అన్నాడు.

నేను ఊరి పేరు అడిగాను. అదే ఊరు.

బావమరిది నన్ను ఆపాలని చూశాడు. “ఇన్నేండ్ల తర్వాత పోయి ఏంది బావా చెప్పేది? కొడ్తరు.”

“కొడితే కొట్టనీ.”

“నీకు కొట్టించుకునే ఒళ్లు ఎక్కడుంది? వేళ్లే సక్కగ లేవు.” అన్నాడు గానీ, మర్నాడు లారీ అతనితో మాట్లాడి ఎర్రబోరు దాకా ఎక్కించాడు. అక్కడి నుంచి నడిచాను.

జోగయ్య ఊరికి దూరంగా, చేను గట్టు మీద ఒక్కడే ఉంటున్నాడు. కంచెకు వెదురు దబ్బలు చీలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

“ఎవల కోసం?”

“జగదల్‌పూర్‌లో మీ తమ్ముడి కడుపుకు ఫోటో తీసినవాణ్ణి.”

కత్తి ఆగిపోయింది. “నీళ్లు తాగుతవా దొరా?” అన్నాడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. “నువ్వే ముంచుకో. కుండ ఆడుంది. నా చేతి నీళ్లు ఎవలూ తాగరు.”

చెప్పాల్సిన మాటలు దారంతా పేర్చుకుంటూ వచ్చాను. అవన్నీ పోయాయి. పడుకోబెట్టి తీశాననీ, నిలబెట్టానని రాశాననీ, డాక్టరు నన్ను నమ్మాడనీ, రథం చూడాలన్న తొందర తప్ప వేరే కారణం లేదనీ వరసగా చెప్పాను.

“మరి వాత?”

“వాత పెట్టకూడదు జోగయ్యా. అది తప్పే. దాని వల్ల డాక్టరు చేతికి రోగం అందలేదు. కానీ కడుపులో కన్నం నువ్వు వాత పెట్టకముందే పడింది. నీ చెయ్యి చంపలేదు.”

అతను నన్ను కొట్టలేదు. వెదురు దబ్బను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. “అంబలి తాగంగనే పడ్డడు” అన్నాడు. “నేను అప్పటికి కొడవలి కూడ పట్టలే.” మళ్లీ అన్నాడు, “పట్టలే.” ఆ తర్వాత దబ్బను పక్కన పడేశాడు. “ఇది నాకు జెప్తే ఏమొస్తది? నువ్వు పోతవ్. నేను పోయి జెప్తే, తప్పించుకోను జెప్తున్నడంటరు. లే. నడు.”

నన్ను ముందు నడిపించి ఊళ్లోకి తెచ్చాడు. లచ్చయ్య భార్య కన్నమ్మ వాకిట్లో ఇప్పపూలు ఎండబెడుతోంది. బావ జోగయ్యను చూసి లోపలికి వెళ్లబోయి, నన్ను చూసి ఆగింది. నలుగురూ చేరారు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆమె పూర్తిగా విన్నది.

“అన్నేండ్లు ఆ మాట ఏడ పెట్టుకున్నవ్?” అంది. “ఈ మనిషి మా వాకిట్లకు రాకుండ నేను కూసున్న. నువ్వు తింటనే ఉన్నవ్, పంటనే ఉన్నవ్.”

ఆమె గోడ వైపు చెయ్యి చూపింది. 

“నాకు జెప్పింది సాలు. మా అత్తకు జెప్పు. ఇద్దర్నీ కన్నది ఆమె. తెలుగు రాదు. మా మాటల జెప్పు.”

ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్దకొడుకు అంత దగ్గరగా వచ్చినందుకు అటు తిరిగి కూర్చుంది. నేను ఆమె ముందు నేల మీద కూర్చుని, నాకు వచ్చిన కొద్దిపాటి దోర్లీలో, తడుముకుంటూ, మాట తప్పినచోటల్లా కన్నమ్మ సరిదిద్దుతుండగా చెప్పాను:

“అమ్మా, నీ చిన్నకొడుకు కడుపులో ఏముందో సరిగా చూడాల్సిన పని నాది. నేను చూడలేదు. చూశానని డాక్టరుకు అబద్ధం చెప్పాను. అతను పోయాక, నీ పెద్దకొడుకు చెయ్యి చంపిందని ఇంకో అబద్ధం చెప్పాను. జోగయ్య చెయ్యి ఎవరినీ చంపలేదు. తప్పు నాది. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను. ఆలస్యంగా వచ్చాను. దానికి కూడా క్షమించు.”